తువ్వాలు పరిస్తే పడుకునే కుక్క

మా నాయన దృష్టిలో మా ఇంట్లో రెండు ప్రాణులు దండగ. ఒకటి నేను, పని చెప్పినా కదలను. రెండోది నా కుక్క, కదలొద్దని చెప్పినా ఆగదు. మా ఇద్దరినీ ఒక రోట్లో వేసి దంచి సమంగా పంచితే ఒక మంచి కొడుకూ ఒక మంచి కుక్కా తయారవుతాయని ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. వచ్చినవాళ్లు తలూపేవాళ్లు. ఆ తలూపుతున్న సమయంలోనే కుక్క వాళ్ల పంచె కొంగు పట్టుకుని లాగేది.

యాభైల చివర సంగతి ఇది. స్కూలు ఫైనలు పరీక్ష నన్ను గుర్తుపట్టకుండా పక్కనుంచి వెళ్లిపోయింది. నేను ఇంటికొచ్చి వసారాలో స్థిరపడ్డాను. వానలు కూడా ఆ ఏడు మా వైపు చూడలేదు కాబట్టి పొలంలో చేయడానికీ ఏమీ లేదు. ఈ విషయంలో ఆకాశం నా పక్షాన నిలిచిందని ఇప్పటికీ నా నమ్మకం.

కుక్క కదిరి సంతనుంచి నా వెంట వచ్చింది. నిజంగా జరిగింది అంతే. కానీ అంత చిన్న సంగతిని ఊళ్లోకి ఎలా తీసుకురావడం? అందుకని దాని తండ్రి తోడేలని చెప్పాను. కదిరి బస్సులో కండక్టరు దానికి అర టిక్కెట్టు కొట్టాడనీ, అది కిటికీ పక్క సీటులో కూర్చుని దారిపొడవునా చెట్లు చూస్తూ వచ్చిందనీ చెప్పాను. ఊరు నమ్మలేదు, కానీ మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. దానికి పేరు మాత్రం పెట్టలేదు. పెడితే మా నాయన ఆ పేరుతో నన్ను పిలవడం మొదలుపెడతాడని భయం.

కుదురు అనేది దాని ఒంట్లో లేదు. కోడి కదిలితే లేస్తుంది. ఆకు కదిలితే లేస్తుంది. ఏదీ కదలకపోతే, ఎందుకు కదలడంలేదో చూడటానికి లేస్తుంది. ఇవన్నీ ఇంట్లోవాళ్లు ఓర్చుకున్నారు. ఒకరోజు అమ్మ ఊరవతల బావినుంచి, ఎండలో, గంటలకొద్దీ ఊట ఊరేదాకా కాచుకుని ముంచుకొచ్చిన కడవ దించబోతుంటే ఇది సంతోషం పట్టలేక ఆమె మీదికి ఎగిరింది. కడవ పగల్లేదు. నీళ్లు మాత్రం మిగల్లేదు. మా సీమలో నెత్తురు పారితే పంచాయితీ పెట్టి సర్దుకుంటారు. నీళ్లు పారితే సర్దుబాటు లేదు.

సాయంత్రం నాయన తీర్పు చెప్పాడు.

"గొర్రెలోళ్లు మేపుకు కన్నడదేశం పక్కకు పోతాండారు. వాళ్లు పోయేలోపల ఇది కుదురుగా పండుకునేది నేర్చుకుంటే ఉంటాది. ల్యాకుంటే వాళ్లెంబడి పోతాది. అంతే."

"కుక్కకు కుదురెట్ల వస్తాది నాయనా?"

"అది నన్నడుగుతావా? టిక్కెట్టు కొట్టించి తెచ్చుకున్నోనివి నువ్వు."

ఊళ్లో నా కథలు, ఎగురుతూనైనా, చివరిదాకా వినే ప్రాణి అదొక్కటే. బస్సు కథ తప్ప మిగతావాటికి మనుషులు మధ్యలో లేచిపోయేవాళ్లు. అది గొర్రెలవెంట వెళ్లిపోతే నేను గోడకు చెప్పుకోవాలి. కాబట్టి జీవితంలో మొదటిసారి ఒక పని చేయాలని కూర్చున్నాను.

ముందు అందరూ చేసే పద్ధతే చేశాను. కర్ర ఎత్తి "పండుకో" అని అరిచాను. కుక్కకు అది పండగలా కనిపించింది. ఎగిరి కర్ర అందుకుని వీధి చివరిదాకా పరిగెత్తి, నేను వెంటపడతానని ఆగి చూసింది. ఇంకా గట్టిగా అరిచాను. ఇంకా గట్టిగా సంతోషించింది. నడుం మీద చేయి వేసి కిందికి నొక్కితే, నొక్కినంతసేపు ఉండి, చేయి తీయగానే సీసా బిరడాలాగా పైకి లేచింది. నాలుగు వీధుల వాళ్లు వచ్చి నిలబడి చూశారు. ఆ కరువు ఏడు ఊరికి వేరే కాలక్షేపం లేదు.

గడప దగ్గర కూర్చుని కొర్రలు చెరుగుతున్న అమ్మ చాలాసేపు చూసి, చివరికి చేట ఆపింది.

"నువ్వు నిలబడి గొంతు చించుకుంటాంటే అది యాడ పండుకుంటాదిరా? ముందు నువ్వు పండుకో. ఆ విద్యలో నీకు సాటి ఎవురుండారు?"

ఎత్తిపొడుపు కోసం అన్న మాట. కానీ నాకది బాగా పట్టింది. నిజమే కదా, ఊరికే పడి ఉండటంలో ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాణ్ని, ఆ అనుభవం ఉపయోగించకుండా కర్ర పట్టుకుంటానేమిటి?

మర్నాటినుంచి వేరే దారి పట్టాను. పొద్దు వాలేముందు దాన్ని గుట్టమీద బండలవెంట బాగా తిప్పి, కాస్త కొవ్వు కరిగాక ఇంటికి తెచ్చేవాణ్ని. వసారాలో భుజం మీది తువ్వాలు తీసి, ఒకసారి దులిపి, నేలమీద పరిచి, దాని మీద కూర్చునేవాణ్ని. అంతే. మాట లేదు, అరుపు లేదు, దానివైపు చూపు కూడా లేదు. మొదట్లో అది నా చెవి నాకింది, చొక్కా గుండీ కొరికింది, ఎక్కడినుంచో ఎవరిదో చెప్పు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నేను దూరంగా గుట్ట వైపు చూస్తూ కూర్చున్నాను. అరవడానికి ఎవరూ లేక, ఆడటానికి ఎవరూ లేక, చివరికి విసుగొచ్చి అది కూడా పడుకుంది. అప్పుడు పిడికిట్లో దాచుకున్న రాగి సంగటి ముక్క తీసి, మెల్లగా దాని ముందుకాళ్ల మధ్య నేలమీద పెట్టాను. విసరకూడదు. విసిరితే ఎగిరి పట్టుకుంటుంది, అంతసేపూ కూడబెట్టిన కుదురంతా ఒక్క ఎగురులో పోతుంది. ఈ సంగతి ఎగిరాక తెలిసింది నాకు.

తర్వాత ఇంకో సంగతి తెలిసింది. పడుకోవడంలో దొంగ పడక ఒకటుంది. నాలుగు కాళ్లూ కింద ముడుచుకుని, చెవులు నిక్కబొడిచి, కళ్లు సంగటి మీద పెట్టి ఉంటుంది. చూసేవాడికి పడుకున్నట్టే కనిపిస్తుంది. అది ఎన్నికల్లో ఓడినవాడు గెలిచినవాడికి దండ వేసి నవ్వడం లాంటిది. నిజం పడక వేరు. ఒక తొడ పక్కకు వాలుతుంది. తోక బరువెక్కి నేల మీద పడుతుంది. గడ్డం మట్టికి ఆనుతుంది. చివరికి ముక్కులోనుంచి ఒక పొడుగాటి ఊపిరి వస్తుంది, పంట ఇంటికి చేరిన రైతులాగా. ఆ ఊపిరి విన్న తర్వాతే సంగటి పెట్టేవాణ్ని. అది రావాలంటే నా ఊపిరి కూడా అట్లాగే ఉండాలి. నాలో ఏదైనా కంగారు ఉంటే ఆ కంగారు నాకంటే ముందు దానికి తెలిసేది. లేవాల్సిన వేళ నేను తువ్వాలు తీసి భుజాన వేసుకునేవాణ్ని. తువ్వాలు లేచిందంటే దానికి సెలవు.

కొన్నాళ్లకు సంగటి లేకపోయినా తువ్వాలు పరిస్తే చాలు, ఒళ్లు వదిలేసేది. అప్పుడు పరీక్షలు మొదలుపెట్టాను. ముందు దూరంగా కోళ్లు, తర్వాత దగ్గరగా కోళ్లు, తర్వాత పంచె కట్టిన మనుషులు. ఎక్కడ లేచిందో అక్కడ మళ్లీ దూరం పెంచి మొదటికి వచ్చేవాళ్లం. అమ్మ నెత్తిన కడవతో పక్కనుంచి నడిచిపోవడం ఆఖరి పరీక్ష. ఖాళీ కడవతోనే పెట్టాం. నీళ్లున్న కడవను పరీక్షకు పెట్టేంత కలిగినవాళ్లం కాదు. అమ్మ కావాలని గాజులు గలగలలాడించుకుంటూ నడిచింది. కుక్క ఒక కన్ను తెరిచి, చూసి, మూసుకుంది.

ఇంకో విచిత్రం ఏమిటంటే, తువ్వాలు నాదే కానక్కర్లేదు. ఎవరు తువ్వాలు దులిపి నేలమీద పరిచి కూర్చున్నా, వాళ్ల పక్కన పోయి వాలిపోయేది. మా పక్క ఎవరైనా చేనుగట్టున కూర్చోవాలంటే అదే కదా పద్ధతి. నాయన ఇదంతా చూస్తూనే ఉన్నాడు. గొర్రెలవాళ్లు వచ్చి అడిగినప్పుడు, "ఉండనీలేప్పా, ఈడొకడు పండుకునేదానికి తోడు కావాలంట" అని పంపేశాడు.

కథ ఇక్కడ ముగిసి ఉంటే దేశానికి మంచిది. కానీ ఆ ఏడే నాయన పొలంలో బావి తవ్వించాలని తీర్మానించాడు. బావి తవ్వాలంటే నీళ్లు ఎక్కడున్నాయో చెప్పే మనిషి కావాలి. పక్క ఊరినుంచి ఒక తాత వచ్చాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా నడుస్తాడు. కింద నీళ్లుంటే కాయ నిటారుగా లేస్తుందని ఆయన మాట. ఆయన కాయ ఎన్నో ఊళ్లలో లేచిందట. ఆ ఊళ్లలో నీళ్లు లేచాయా అని అడిగితే, "నా పని కాయ లేపేది, నీళ్లు లేపేది దేవుని పని" అనేవాడు. ఆ జవాబు విన్నాక ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. నా వృత్తిలో నాకంటే పెద్దవాడు.

ఆ రోజు పొద్దుట్నుంచీ తిరిగినా కాయ లేవలేదు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. చేనుకంతా నీడ అన్నది ఒక్క కానుగ చెట్టు కింద మాత్రమే ఉంది. తాత అక్కడికి పోయి, కాయ పక్కన పెట్టి, తువ్వాలు తీసి, దులిపి, పరిచి, "ఉస్సో" అంటూ కూర్చున్నాడు. మా వెంట వచ్చిన కుక్క పోయి ఆయన పక్కన వాలిపోయింది. తొడ పక్కకు పడింది. గడ్డం నేలకు ఆనింది. పొడుగాటి ఊపిరి వదిలింది.

తాత కుక్కను చూశాడు. నేలను చూశాడు. అలిసిపోయి ఉన్నాడు కాబట్టి ఆయనకు దైవదర్శనం త్వరగా అయింది.

"సూడప్పా, మూగజీవి. దాని కడుపుకు సల్లదనం తగిలింది. నా కాయ ఇదే చెప్పల్లని సూస్తాండె, అంతలోపల ఇది చెప్పేసింది."

నేను వెంటనే ఉన్నదున్నట్టు చెప్పాను. "తాతా, అది నీళ్లకు పండుకోలేదు. నువ్వు తువ్వాలు పరిస్తివి, దానికి పండుకుంది. నేనే నేర్పించినా."

నాయన నా వైపు తిరిగాడు. "కుక్కకు బస్సు టిక్కెట్టు కొట్టించినోనివి గదరా నువ్వు. ఇంగ చాలు, మూసుకో."

"నిజంగా నాయనా. కావల్లంటే ఆ తువ్వాలు తీసి ఇంకో తావున పరిచి సూడు."

"ముసలాయన కూర్చున్న తువ్వాలు లాగమంటావా? బుద్ధుండాదా నీకు?"

అబద్ధాలన్నీ చెవి ఒగ్గి విన్న ఊరు, ఆ ఒక్క నిజానికి మాత్రం సాక్ష్యం చూపిస్తానన్నా చెవి ఒగ్గలేదు.

అక్కడే తవ్వారు. మట్టి పోయి మొరం, మొరం పోయి బండ వచ్చింది. బండకు మందు పెట్టి పేల్చారు. నేను లోలోపల దిగులు పడుతూనే ఉన్నాను, నీళ్లు పడకపోతే నాయన కుక్కను ఏం చేస్తాడో అని. బండ పగిలిన చోట ఒక చెమ్మ కనిపించింది. చెమ్మ ఊటయింది. కపిల బాన కట్టి ఒక జత ఎద్దులతో తోడితే, పూటకు ఇంత మిరపతోటకు సరిపోయేటన్ని నీళ్లు. కుక్కకు పసుపూ కుంకుమా పెట్టారు. తాతకు కొత్త పంచె పెట్టారు. నాయన తన తండ్రి తాతల పుణ్యం అన్నాడు. వరసగా వానలు లేని ఏళ్లలో కూడా పచ్చగా నిలబడి ఉన్న ఆ కానుగ చెట్టు మాట ఎవరూ ఎత్తలేదు. పైగా వేళ్లు బావిలోకి దిగుతాయని దాన్ని కొట్టేశారు.

ఇంక కుక్క పేరు చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. అసలు పేరే లేని కుక్కకు ఎంత పేరు వచ్చిందో చూడండి. చివరికి సంగతి మా పక్క పెద్దాయనదాకా పోయింది. ఆయనకు గుట్టనుంచి వంకదాకా పొలాలున్నాయి, రాజకీయం ఉంది, జీపు ఉంది. నీళ్లు ఒక్కటే లేవు. నాయనకు కబురు పెట్టి పిలిపించాడు. నేనూ వెంట పోయాను.

"ఏమప్పా, నీ కుక్క నీళ్లు సూపిస్తాదంటనే."

"ఏదో సామీ, అంతా మీ దయ," అన్నాడు నాయన. దయ ఆయనది, కుక్క మాది.

"రేపు మా చేనికి తోలుకురా. ఒక తావున పండుకొని సూపించిందంటే ఈడనే ఉండనీ. మాకు శానా బాయిలు తవ్వేదుండాది. మీ ఇంట్లో సంగటి తినేదేముంది, ఈడ మాంసం పెడతాం."

పెద్దాయన అడిగాడంటే అది అడగడం కాదు. నేను ముందుకొచ్చి ఉన్న సంగతంతా చెప్పాను. తువ్వాలు, సంగటి, ఊపిరి, ఏదీ దాచలేదు. పెద్దాయన చివరిదాకా విని, పడీపడీ నవ్వాడు.

"బస్సులో కిటికీ కాడ కూర్చున్నెది ఈ కుక్కేనా? బాగా చెప్తావబ్బీ. మా ఇంట్లో పెండ్లికి వచ్చి చెప్పు."

మర్నాడు కుక్కను తీసుకుని వాళ్ల చేనికి వెళ్లాం. సంగతి నాకు స్పష్టంగా తెలుసు. ఆ చేలో ఎవడైనా ఒకడు తువ్వాలు పరిచి కూర్చున్నాడంటే నా కుక్క నాది కాదు. పెద్దాయన వెంట ఊళ్లో సగం మంది ఉన్నారు. అందరి భుజాల మీదా తువ్వాళ్లే. లెక్కపెట్టడం మానేశాను.

అప్పుడు జీపు దిగి పెద్దాయన వచ్చాడు. అంతమంది భుజాల మీది తువ్వాళ్లు ఒక్కసారిగా కిందికి దిగాయి. దిగి నేలమీదికి పోలేదు, నడుములకు చుట్టుకున్నాయి, చంకల్లో దూరాయి. పెద్దాయన ముందు భుజాన తువ్వాలు ఉండకూడదు. ఆయన ముందు కూర్చోవడమా, ఆ మాటే లేదు. ఆయనకు మాత్రం వెనకాల ఒక మనిషి కుర్చీ మోసుకొస్తున్నాడు. ఎక్కడ ఆగితే అక్కడ కుర్చీ వేస్తారు, గొడుగు పడతారు, ఆయన కూర్చుంటాడు, మిగతా లోకం నిలబడుతుంది. ఆ మర్యాదను తిట్టుకుంటూ పెరిగినవాణ్ని నేను. ఆ రోజు దానికి చేతులెత్తి దండం పెట్టాను.

కుక్క చేనంతా తిరిగింది. ప్రతి మనిషి దగ్గరికీ పోయి వాళ్ల చంకలో ఉన్న తువ్వాలు వైపు చూసింది. ఎవరూ దించలేదు. అది ఇంకొకరి దగ్గరికి పోయింది. జనం దాన్ని చూసి, "వాసన పడతాండాది, వాసన పడతాండాది" అని గుసగుసలాడారు. ఎండ మండిపోతోంది. కాళ్ల కింద మట్టి పెనంలా ఉంది. పడుకోవడమే వృత్తిగా బతికిన నేను ఒక కాలి మీదా, ఇంకో కాలి మీదా మార్చుకుంటూ నిలబడ్డాను. తువ్వాలు చంకలో బిగించి పట్టుకున్నాను. నాకంటే వినయవంతుడు ఆ రోజు ఆ చేలో లేడు.

ప్రమాదం తాత రూపంలో వచ్చింది. పెద్దాయన ఆయన్ను కూడా పిలిపించాడు, కొబ్బరికాయతో సహా. ముసలి ప్రాణం, ఎంతసేపని నిలబడతాడు? తాత చంకలోనుంచి తువ్వాలు తీశాడు. దులిపాడు.

కుక్క చెవులు వాలాయి. వెనక కాళ్లు మడత పడటం మొదలైంది.

"ఏం తాతా," కుర్చీలోనుంచి పెద్దాయన అన్నాడు, "అలుపొచ్చిందా?"

తాత వంగినవాడు వంగినట్టే ఆగాడు. "యాడ అలుపు సామీ. చెమట తుడుసుకుందామని." ముఖం తుడుచుకున్నాడు. తువ్వాలు మళ్లీ చంకలోకి పోయింది. కుక్క సగం మడిచిన కాళ్లు విప్పుకుని, తన చదువు మీద తనకే అనుమానం వచ్చినట్టు ఆయన వైపు చూసి, లేచి నిలబడింది.

పొద్దు వాలేదాకా అది నిలబడే ఉంది.

"ఇదేం కుక్కప్పా," అన్నాడు పెద్దాయన. "పొద్దన్నుంచి ఒక్క తావున ఒళ్లు వంచలేదే."

నాయన చేతులు కట్టుకుని చెప్పాడు. "మీ ముందర యాడ పండుకుంటాది సామీ. బాగుండదని తెలుసు దానికి."

పొగడ్త అనుకుని చెప్పాడు. పెద్దాయన పొగడ్త అనుకునే విన్నాడు. కానీ నీళ్లు చూపించని కుక్కకు మాంసం ఎందుకు పెడతాడు? "తోలుకపో. మీ బాయిలో నీళ్లు పడింది మీ అదృష్టం, కుక్కది కాదు" అని జీపు ఎక్కాడు.

తిరిగొచ్చే దారిలో నాయన మాకంటే ముందు నడిచాడు. కుక్క దక్కిందన్న సంతోషం కంటే, నలుగురిలో మా కుక్క మర్యాద పోయిందన్న బాధ ఎక్కువగా ఉన్నట్టుంది. సగం దారిలో ఒక పెద్ద బండ నీడకు ఆగాడు. ఆయన కూడా పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, పరిచి కూర్చున్నాడు.

కుక్క ఆయన కాళ్ల దగ్గర వాలిపోయి, రోజంతా దాచుకున్న ఊపిరి ఒక్కసారి వదిలింది.

నాయన దాన్ని చూశాడు. తువ్వాలును చూశాడు. లేచి తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. కుక్క లేచింది. కాస్త దూరంలో, ఉత్త బండ మీద, గడ్డిపోచ కూడా మొలవని చోట పరిచాడు. కుక్క పోయి దాని పక్కన పడుకుంది. నాయన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"అంటే," అన్నాడు చివరికి, "ఆ చేన్లో ఒక్కడన్నా కూర్చోనుంటే ఇది పోయుండేది."

"అవు నాయనా."

"నువ్వేల కూర్చోలేదురా? నీ జన్మలో ఎప్పుడన్నా అంతసేపు నిలబడినావా?"

"పెద్దోళ్ల ముందర బాగుండదని."

ఆయన మీసాల కింద ఏదో కదిలింది. వచ్చి తువ్వాలు మీద కూర్చుని, కొంచెం పక్కకు జరిగాడు.

"కూర్చో," అన్నాడు. "కాళ్లు నొస్తాంటాయి."

నాకు బుద్ధి తెలిశాక మా నాయన నన్ను కూర్చోమనడం అదే మొదటిసారి.